చేతి నుంచా, తొడ నుంచా? ముందు ఆ సీటీ చూడండి

మెడ రక్తనాళంలో స్టెంట్ వేయించుకోవడానికి వచ్చేవాళ్లు ఈ మధ్య మొదట అడిగేది ఇదే: "చేతి నుంచి చేస్తారా, తొడ నుంచి చేస్తారా?" మణికట్టు నుంచి గుండె స్టెంట్ వేయించుకున్న బంధువు ఎవరో ఒకరు ఉంటారు. సాయంత్రానికే లేచి తిరిగానని ఆయన చెప్పి ఉంటాడు. దాంతో మణికట్టంటే కొత్త పద్ధతి, తొడంటే పాత పద్ధతి అని మనసులో పడిపోయింది. క్యాథ్ ల్యాబ్‌లో (రక్తనాళాల్లోకి గొట్టాలు పంపి స్టెంట్లు వేసే గదిలో) నర్సుగా ఈ రెండు దారులకీ ఏళ్ల తరబడి కాపలా కాసినదాన్ని. అందుకే కొంచెం గట్టిగానే చెప్తాను. జవాబు డాక్టరుగారి అలవాటులోనూ లేదు, పేషెంటు ముచ్చటలోనూ లేదు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, మహాధమని, దాని వంపు ఛాతీలో ఎలా తిరిగిందో అందులో ఉంది.

తొడ దారి మీద నాకేమీ ప్రేమ లేదు. షీత్ (ధమనిలో పెట్టిన పొట్టి గొట్టం) తీశాక గజ్జలో పావుగంట, ఇరవై నిమిషాలు వేళ్లతో అదిమి పట్టుకునేది మేమే. పేషెంటు అప్పటికే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ మింగి ఉంటాడు, పైన హెపారిన్, అన్నీ రక్తం గడ్డకట్టనివ్వని మందులే. ఆ తర్వాత గంటల తరబడి వెల్లకిలా పడుకోవాలి, కాలు ముడవకూడదు. డెబ్బై దాటిన పెద్దాయనకి నడుం నొప్పి, పడుకుని మూత్రం రాదు, దగ్గొస్తే భయం. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. గజ్జలో కారిన రక్తం ఒక్కోసారి బయటికి రాదు, కడుపు వెనక భాగంలో పేరుకుంటుంది. పైకి వాపు కూడా కనపడకపోవచ్చు.

మెడ స్టెంట్‌లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. బ్లాక్ సాధారణంగా మెడ ధమని రెండుగా చీలే చోట ఉంటుంది. బీపీని కనిపెట్టే నరాలు ఉండేదీ అక్కడే. బ్లాక్‌ని వెడల్పు చేసే బెలూన్ ఉబ్బించగానే అవి నొక్కుకుని పల్స్ పడిపోతుంది, బీపీ జారిపోతుంది. పల్స్ పెంచే అట్రోపిన్ సిరంజి ముందే నింపి చేతిలో పట్టుకునేది అందుకే. కొందరిలో ఆ బీపీ మర్నాటి దాకా లేవదు. ఇప్పుడు తొడ నుంచి చేసిన పేషెంటుకి రాత్రి పదకొండింటికి బీపీ 80 చూపిస్తోందనుకోండి. ఇది మెడ చేసిన పనా, కడుపు వెనక రక్తం కారుతోందా? మొదటిదైతే మందులతో నెట్టుకొస్తాం. రెండోదైతే ఒక్క నిమిషం ఆలస్యమూ పనికిరాదు. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది. మణికట్టు నుంచి చేస్తే ఈ అనుమానం దాదాపు పోతుంది. నా మటుకు మణికట్టు వల్ల పెద్ద లాభం ఇదే, సాయంత్రం లేచి తిరగడం కాదు.

మరి అందరికీ చేతి నుంచే చేయొచ్చుగా అంటారా? అక్కడే గుండె తీర్పుని తెచ్చి మెడకి తగిలించేస్తున్నాం. 1989లో మాంట్రియల్‌లో కాంపో అనే డాక్టరు మణికట్టు నుంచి గుండె యాంజియో చేసి చూపించాడు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కీమెనైజ్ అనే డాక్టరు అదే దారిన యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో బ్లాక్ తెరవడం) చేశాడు. తర్వాత వేలమందితో జరిగిన రైవల్, మ్యాట్రిక్స్ అధ్యయనాలు గుండెపోటు తరహా కేసుల్లో మణికట్టుదే పైచేయి అని చూపించాయి. గుండె విషయంలో వాదన చాలావరకు ముగిసింది. కానీ చేతి నుంచి దిగిన క్యాథెటర్ (సన్నటి పొడుగు గొట్టం) గుండె వైపు తనంతట తానే వాలుతుంది. మెడలోకి పోవాలంటే కిందికి దిగింది మళ్లీ పైకి తిరగాలి.

కుడి చేతి నుంచి ఎడమ మెడ ధమనిలోకి వెళ్లడం చాలామందిలో వెనక్కి మెలి తిరిగి ఎక్కడమే. కుడి మెడ ధమని పక్కనే ఉన్నా మలుపు ఇరుకు. కొందరిలో మాత్రం ఎడమ మెడ ధమని కుడివైపు కొమ్మతో కలిసి పుడుతుంది. దాన్ని బోవైన్ ఆర్చ్, అంటే ఆవు తరహా వంపు, అంటారు (నిజానికి ఆవుల్లో అలా ఉండదు, పేరు అలా స్థిరపడిపోయింది). వాళ్లకి కుడి మణికట్టు రాజమార్గం. వయసుతో మహాధమని వంపు సాగి, కొమ్మలు బాగా కిందినుంచి మొదలయ్యేవాళ్లలో తొడ దారి నరకం. క్యాథెటర్‌ని తోస్తూ, తిప్పుతూ, వంపు గోడకున్న పెచ్చులని గీకుతూ పోవాలి. రాలిన ముక్క మెదడులో ఎటువైపైనా పోవచ్చు. "ఫిల్టర్ పెడతారు కదా" అంటారు, రాలిన ముక్కలని పట్టే చిన్న జల్లెడ గురించి. ఫిల్టర్ తెరుచుకునేది బ్లాక్ దాటాకే. అంతకుముందు వంపులో రాలినదానికి అదేం అడ్డం?

మణికట్టు ధమని లావు రెండు, మూడు మిల్లీమీటర్లు. 6 ఫ్రెంచ్ (గొట్టాల లావు చెప్పే కొలత) షీత్ బయటి కొలత రెండున్నర పైమాటే. ముక్కలు పైకి పోకుండా రక్తప్రవాహాన్నే కిందనుంచి ఆపే బెలూన్ పరికరాలు 8, 9 ఫ్రెంచ్ ఉంటాయి, తొడలో సులువుగా పడతాయి. మెత్తటి, రాలిపోయే బ్లాక్ ఉన్న మనిషికి చేతి దారి కోసం ఆ రక్షణ వదులుకుంటే అది సుఖం కాదు, మూర్ఖత్వం. మెడ స్టెంట్‌లో మనం భయపడాల్సింది ముందుగా పక్షవాతానికి, తర్వాతే సూది గుచ్చిన రంధ్రానికి. 2010లో వచ్చిన క్రెస్ట్ అధ్యయనంలో, మెడ కోసి బ్లాక్ తీసే ఆపరేషన్‌లో గుండెపోట్లు ఎక్కువైతే, స్టెంట్‌లో స్ట్రోకులు ఎక్కువయ్యాయి.

2014లో రాడ్‌కార్ అనే అధ్యయనంలో 260 మంది మెడ స్టెంట్ పేషెంట్లని రెండు దారులకీ పంచి చూశారు. చివరికి స్టెంట్ రెండు గుంపుల్లోనూ పడింది. గుచ్చిన చోట ఇబ్బందులూ దాదాపు సమానమే. కానీ మణికట్టు నుంచి మొదలెట్టినవాళ్లలో 10 శాతం మందికి దారి మార్చాల్సి వచ్చింది, తొడ నుంచైతే 1.5 శాతమే. రేడియేషన్ కూడా చేతి దారిలోనే ఎక్కువ. ఇది మణికట్టు ఓటమి అని నేననను. దారి మార్చడం తప్పేం కాదు. మార్చకుండా మొండికేయడంతోనే నా పేచీ.

ఒకసారి ఒక పెద్దావిడకి చేతి నుంచి మొదలెట్టారు. దారి చూపే వైరు ఎక్కుతుంది, క్యాథెటర్ ఎక్కబోయేసరికి మొత్తం వంపులోకి జారి పడుతుంది. రెండుసార్లయింది, మూడుసార్లయింది. "సార్, తొడ క్లీన్ చేసి రెడీగా ఉంది" అన్నాను. "సిస్టర్, ఇంకొక్కసారి" అన్నారు. నాలుగోసారి అయ్యాక ఆయనే తలొంచుకుని ఫెమరల్ (తొడ) షీత్ అడిగారు. ఆవిడ బాగానే ఇంటికెళ్లింది. ఆ ఒక్కసారి దేనికోసమో నాకింకా అర్థం కాదు.

మణికట్టుకీ దాని చిక్కులు దానికున్నాయి. ధమని బిగుసుకుంటుంది, ఒక్కోసారి తర్వాత మూసుకుపోతుంది. రెండో ధమని చేతిని కాపాడుతుంది కాబట్టి చాలామందికి తెలియదు కూడా. కిడ్నీలు దెబ్బతిని రేపు డయాలిసిస్ ఫిస్టులా (చేతిలో ధమనిని సిరతో కలపడం) అవసరమయ్యే మనిషికి మాత్రం అది చిన్న నష్టం కాదు.

"కోత లేదు, కుట్టు లేదు" అని మణికట్టు గురించి ప్రచారం చేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. తొడ దగ్గర మాత్రం కోత ఎక్కడుంది, అదీ సూదే కదా! అసలు స్టెంట్ కావాలా, మందులు చాలా, ఆపరేషన్ మేలా అన్నది వేరే పెద్ద మాట, అది ముందే తేలాలి. తేలాక డాక్టరుగారిని అడగాల్సింది "చేతి నుంచేనా?" అని కాదు. నా మహాధమని వంపు చూశారా, ఈ దారిన మీరెన్ని చేశారు, కుదరకపోతే రెండోది సిద్ధంగా ఉంటుందా అని అడగండి. చాలామంది తెచ్చే సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) మెడ మధ్యలో మొదలవుతుంది, వంపు అందులో ఉండనే ఉండదు. ముందురోజు రాత్రి ట్రే సర్దుతూ, మెడ మాత్రమే ఉన్న ఆ ఫిల్మ్‌ని లైటుకి పెట్టి చూసి, రెండు దారుల షీత్‌లూ తీసి పెడతాను.