ఉప్పు తిన్నవాళ్ల విశ్వాసంపై విచారణ జరగాలి

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదంటారు. ఈ మాట అన్నవాళ్లెవరూ కణపొరల్లో కాపురముండే ఎంజైములను చూసినట్టు లేదు. అక్కడ ఉప్పు పోసేకొద్దీ మూటాముల్లె సర్దుకుంటారు. దీని మీద వెంటనే ఒక విచారణ సంఘం వేయాలని నా డిమాండు.

మొదటి సాక్షి ఫోటోసిస్టమ్-2. ఆకుల్లో నీటిని చీల్చి ఆక్సిజన్ ఇచ్చే కుటుంబం, పరువైనదే. ఆ పొరలను 1 మోలార్ గాఢత ఉన్న సోడియం క్లోరైడ్‌తో, అంటే వంటింటి ఉప్పుతో, కడిగితే 17, 23 కిలోడాల్టన్ల (అణువు బరువు కొలత) ప్రోటీన్లు రెండూ కిక్కురుమనకుండా బయటికి నడుస్తాయి. 33 కిలోడాల్టన్ల పెద్దాయన మాత్రం కదలడు. సరే, ఒక్కడైనా నిలబడ్డాడు అనుకుంటాం. సోడియం బదులు కాల్షియం క్లోరైడ్ అదే 1 మోలార్ పోయండి, ఆయనా లేచిపోతాడు. చివరికి ఇంట్లో మిగిలేది నీటిని చీల్చే చోట దిక్కులు చూస్తున్న మాంగనీసు లోహం.

పోనీ, ఉప్పే తగ్గిద్దామా? క్లోరోప్లాస్టు పొర మీద బుడిపెలా కూర్చునే, కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారుచేసే ఎంజైము ఏటీపీ సింథేస్ తలకాయ ఉంది. దాదాపు ఉప్పు లేని నీళ్లలో లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ కాస్త కలిపితే చాలు, అది ఊడి చేతికొస్తుంది. మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు మోసే ప్రోటీన్ సైటోక్రోమ్ సి దగ్గరికెళ్తే వరస తిరగబడుతుంది. బయటి పొర చిట్లాక 150 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ తగలగానే అది జారిపోతుంది. ఒకరు ఉప్పు లేదని అలుగుతారు, ఇంకొకరు ఉందని.

నిందితుల జాబితా కొత్తదేమీ కాదు. 1888లో ప్రాగ్‌లో హాఫ్‌మైస్టర్ అనే శాస్త్రవేత్త గుడ్డు తెల్లసొనను ఏ ఉప్పు ఎంత బాగా విరగ్గొడుతుందో వరస పెట్టి చూశాడు. ఇప్పుడు ఆయన పేరుతో పిలిచే వరసలో ఒక కొస సల్ఫేటుది, మరో కొస థయోసైనేటు, పెర్‌క్లోరేటులది. ఈ రెండో కొసవాళ్లే అసలు ప్రమాదం, ఎందుకంటే వాళ్లు శాంతిదూతలు. ప్రోటీన్లలో నూనెలాంటి భాగాలకూ నీటికీ ఉప్పూనిప్పూ వైరం. నీళ్ల భయంతోనే అవి ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. పెర్‌క్లోరేటు వచ్చి ఆ వైరం తగ్గిస్తుంది. పొరుగుతో రాజీ కుదిరాక అన్నదమ్ములతో పనేముంది? 1969లో హతేఫీ, హాన్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి ఉప్పులతోనే పొరల నుంచి ప్రోటీన్లను ఊడదీసి చూపించారు. తర్వాత హతేఫీ బృందం మైటోకాండ్రియాలోని కాంప్లెక్స్-2 అనే ప్రోటీన్ల జట్టును అలాగే విడగొట్టి, మళ్లీ కలిపింది కూడా. అంటే విడాకులు కూడా ఖాయం కావు.

ఇంతకీ ఎవరు ఇంటివాళ్లు, ఎవరు అతిథులు? పాఠ్యపుస్తకం ప్రకారం ఉప్పునీళ్లతో కడిగితే పోయేవాళ్లు బయటివాళ్లు, పోనివాళ్లు లోపలివాళ్లు. ఏ ఉప్పు, ఎంత అన్నది మెథడ్స్ విభాగంలో, ఎవరూ చదవని చోట ఉంటుంది.

నేనూ ఒకసారి ఇలాంటి తీర్పు ఇచ్చాను. సెంట్రిఫ్యూజ్‌లో లక్ష జీ (గురుత్వానికి లక్ష రెట్లు) దగ్గర గంటసేపు తిప్పి తీస్తే ట్యూబు అడుగున పొరలు చేరిన గోధుమరంగు ముద్ద, పైన తేట. నేను వెతుకుతున్న సబ్‌యూనిట్, అంటే ప్రోటీన్ల జట్టులో ఒక సభ్యుడు, మొత్తం తేటలో ఉంది. ‘ఈ కాంప్లెక్స్‌కూ దీనికీ సంబంధం లేదు’ అని నోట్‌బుక్‌లో రాసి, కింద గీత కూడా గీశాను. పక్క బెంచీ అమ్మాయి బఫర్‌లో (ప్రోటీన్లను ఉంచే ద్రావణంలో) ఉప్పు సగానికి తగ్గించి మళ్లీ తిప్పింది. ఈసారి అది ముద్దలో, ఎక్కడికీ వెళ్లనట్టు కూర్చుని ఉంది. ఆ గీత ఇప్పటికీ చెరపలేదు, పెన్నుతో గీశాను మరి.

అన్నట్టు విచారణ సంఘానికి సభ్యులు దొరికారు. ఏ బఫర్‌లో సమావేశం కావాలో తేలకే ఇంకా ఒకచోట చేరలేదు.