పిర్లోకి టైమ్ ఎవరిచ్చారు?

2006 జులై 4, డార్ట్‌మండ్‌లో ఇటలీ, జర్మనీ ఫుట్‌బాల్ వరల్డ్ కప్ సెమీఫైనల్. మనకి అర్ధరాత్రి ఎప్పుడో దాటిపోయింది, 119వ నిమిషం, ఇంకా గోల్ పడలేదు. బాక్స్ అంచున బంతి దొరికిన ఇటలీ మిడ్‌ఫీల్డర్ ఆండ్రియా పిర్లో తొందరపడి కొట్టకుండా, డిఫెండర్లు తన మీదికి వచ్చేదాకా అడ్డంగా కదిలి, అటు చూడనైనా చూడకుండా తన జట్టువాడైన గ్రోసోకి పాస్ ఇచ్చాడు. గోల్! ఐదు రోజుల తర్వాత ఫైనల్లోనూ మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఆయనే.

ఆటని అంతలా చదివినవాడు కోచ్‌గా ఎందుకు నిలదొక్కుకోలేకపోయాడని చాలామంది అడుగుతుంటారు. నన్నడిగితే ఆ ప్రశ్న క్లబ్బుల్ని అడగాలి.

ఎందుకంటే ఆటగాడిగా కూడా పిర్లో ఒక్క రోజులో తయారవలేదు. ఇంటర్ క్లబ్ 1998లో కొనుక్కుంది గానీ, ఎక్కడ ఆడించాలో వాళ్లకి అంతుపట్టలేదు. 2001లో లోన్ మీద బ్రెషియాకి వెళ్తే అక్కడ ఆయన ఆడే చోట పెద్ద స్టార్ రొబెర్టో బాజో ఉన్నాడు, అప్పుడు కోచ్ మాజోనె ఈ కుర్రాణ్ణి వెనక్కి లాగి డిఫెన్స్ ముందు నిలబెట్టాడు. ఆ ఏప్రిల్‌లో ట్యూరిన్‌లో జువెంటస్ మీద, అంత వెనకనుంచి పిర్లో వేసిన పొడవాటి పాస్‌ని బాజో గోల్ చేశాడు. ఆ రోజు జువెంటస్ కోచ్ ఎవరనుకున్నారు, కార్లో ఆంచెలొటి! కొన్ని నెలలకే ఆయన ఏసీ మిలాన్ క్లబ్‌కి వచ్చి, అక్కడికి చేరిన పిర్లోని అదే చోట ఆడించాడు. 2003, 2007లో యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది ఆ మిలానే.

ఆంచెలొటి కూడా మిడ్‌ఫీల్డరే. కానీ ఆట మానేశాక నేరుగా పెద్ద క్లబ్ కుర్చీలో కూర్చోలేదు. ఇటలీ జట్టులో కోచ్ సక్కీ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసి, 1995లో రెండో డివిజన్‌లో ఉన్న రెజ్జానాకి వెళ్లి, దాన్ని పైకి తెచ్చి, అప్పుడు పార్మాకి వెళ్లాడు.

మరి పిర్లోకి ఏం జరిగింది? 2020 జులై 30న జువెంటస్ అండర్-23 కోచ్ అన్నారు. అంతలో ఛాంపియన్స్ లీగ్‌లో లియోన్ చేతిలో పోయారని సీనియర్ జట్టు కోచ్ మౌరిజియో సారీని తీసేసి, తొమ్మిదో రోజుకి పిర్లోని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఇటలీ కోచ్‌ల శిక్షణ కేంద్రం కోవర్చానోలో ఆయన కోచింగ్ కోర్సు అప్పటికింకా పూర్తే కాలేదు! ఒక్క మ్యాచ్‌కీ కోచ్‌గా చేయని మనిషికి వరసగా తొమ్మిది టైటిళ్లు గెలిచిన జట్టుని, రొనాల్డోని, నిన్నమొన్నటిదాకా తనతో కలిసి ఆడిన బుఫాన్‌ని, కియెల్లీనిని అప్పగించారు.

తప్పులు చేయలేదని నేననను. సొంత గడ్డమీద బెనెవెంటో చేతిలో 0-1, మిలాన్ చేతిలో 0-3, ఛాంపియన్స్ లీగ్‌లో పోర్టో చేతిలో ఇంటిదారి, ఇవన్నీ చూస్తూ నేనూ బాధపడ్డాను. అయినా ఇటలీ సూపర్ కప్ గెలిచాడు, ఇటలీ క్లబ్బుల కప్ కొప్పా ఇటాలియా గెలిచాడు, లీగ్‌లో 78 పాయింట్లతో నాలుగో స్థానం తెచ్చాడు. మే నెలాఖరులో తీసేశారు. ఆయన బదులు బోలెడంత అనుభవమున్న అల్లెగ్రి వచ్చాడు కదా, మరుసటి సీజన్ ఏమైంది? మళ్లీ నాలుగో స్థానమే, అదీ 70 పాయింట్లతో, ఒక్క ట్రోఫీ లేకుండా. లోపం స్క్వాడ్‌లో ఉందని ఇంతకంటే ఎలా చెప్పాలి? కొత్తవాడు కాబట్టి నింద ఆయన మీద వేయడం తేలికైంది, అంతే.

తర్వాత టర్కీలో ఒక సీజన్ చేసి, 2023లో సెరీ బీకి, అంటే ఇటలీ రెండో డివిజన్‌కి, పడిపోయిన సాంప్‌డోరియాకి వచ్చాడు. పాయింట్ల కోత పడినా జట్టుని పై డివిజన్‌కి వెళ్లే ప్లేఆఫ్‌కి చేర్చాడు, అక్కడ పాలెర్మో చేతిలో ఓడిపోయారు. ఆంచెలొటికి రెజ్జానా ఎలాగో పిర్లోకి ఇది అలా కావాల్సింది. 2024 ఆగస్టులో, కొత్త సీజన్ మూడు మ్యాచ్‌లు అవగానే తీసేశారు. ఆ సీజన్ ముగిసేలోపు సాంప్‌డోరియా ఇంకో ముగ్గురు కోచ్‌లని మార్చింది, చివరికి మూడో డివిజన్‌కి ఎవరు జారాలో తేల్చే ప్లేఅవుట్ ఆడి బయటపడింది.