అరేంజర్ కీబోర్డు గారి సముఖమునకు

మహారాజశ్రీ అరేంజర్ కీబోర్డు గారికి,

ఉభయకుశలోపరి. హన్మకొండలో ఉంటూ లగ్గాలకు, పంచెకట్టు ఫంక్షన్లకు, రిటైర్మెంటు సభలకు ఒంటరిగా పాడుకునే మనిషిని. ఎడమ చేత్తో రెండు మూడు కీలు నొక్కితే వెనక బ్యాండంతా తామే వాయించేసే తమరిలో ఎవరిని ఇంటికి తెచ్చుకోవాలో తేల్చుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

షాపుకు పోతే ముందుగా లెక్కలు చెబుతారు. యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్900లో 525 స్టైల్స్, అంటే తయారుగా ఉన్న బ్యాండు వరసలు అట, వాయిస్‌లు, అంటే వాద్యాల గొంతులు వెయ్యి దాటాయట. పరదేశాల వాల్ట్జ్ ఉంది, పోల్కా ఉంది, బోసా నోవా ఉంది. పరకాల పెళ్ళిలో బోసా నోవా అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. బరాత్ కదిలిందంటే పిల్లగాళ్ళు అడిగేది ఒక్కటే: "అన్నా, తీన్మార్ కొట్టు!" అది తమరి పొట్టలో లేదు. స్టైల్ క్రియేటర్‌లో కూర్చుని నేనే తయారు చేసుకోవాలట. అంటే 525 నాకిచ్చి, కావలసిన ఆ ఒక్కటి నన్నే వండుకోమన్నారు.

మన దేశం కోసమే చేసిన పీఎస్ఆర్-ఐ500 ఉంది కదా అంటారు. ఉంది. అందులో తబలా ఉంది, సితార్ ఉంది, బాగానే ఉన్నాయి. కానీ ఒగ్గు డోలు దెబ్బ వేరు, తబలా మాట వేరు. ఎనిమిది మాత్రల కహర్వాతోనో, ఆరు మాత్రల దాద్రాతోనో బతుకమ్మ పాటను ఎట్లాగో లాగించవచ్చు. చుట్టూ తిరిగే ఆడబిడ్డల చప్పట్లు మాత్రం తమరి టెంపో అడిగి పడవు. వాళ్ళు ఊపందుకుంటే తమరే పరిగెత్తి కలుసుకోవాలి. అందుకే ఏ మోడల్ ముందు నిలబడ్డా నా చెయ్యి ముందుగా వేలితో తట్టి వేగం చెప్పే ట్యాప్ టెంపో బటన్‌నే వెతుకుతుంది.

అసలు నాలాంటివాడికి కావలసినవన్నీ తమరి పోస్టర్లో అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఉదాహరణకు మైకు జాక్. ఎస్ఎక్స్900కి అది ఉంది, వోకల్ హార్మొనీ కూడా ఉంది. ఎడమ చేత్తో ఏ కార్డ్ (కలిపి నొక్కే స్వరాల గుంపు) పట్టుకుంటే దాన్నిబట్టి నా గొంతుకు ఇంకొన్ని గొంతులు తోడిస్తారు. మహాప్రసాదం. కాకపోతే పాట మీద ధ్యాసలో నా నడిమివేలు సి మేజర్‌లో ఒక్క కీ ఎడమకు జరిగిందనుకోండి, బ్యాండు బ్యాండంతా దిగులుగా మోగే మైనర్‌లోకి దిగుతుంది. అప్పగింతలు ఇంకా రెండు గంటలుండగానే నా వెనక నా గొంతులే ఏడుపందుకుంటాయి.

తర్వాత ట్రాన్స్‌పోజ్, అంటే శ్రుతిని పైకీ కిందికీ జరిపే బటన్. పెళ్ళికూతురు మేనత్త స్టేజీ ఎక్కి "బిడ్డా, నేనొక పాట పాడత" అంటుంది. ఆమె ఏ శ్రుతిలో ఎత్తుకుంటుందో దేవుడికి కూడా పల్లవి అయ్యాకే తెలుస్తుంది. చరణంలో అదే శ్రుతిలో ఉంటుందన్న హామీ లేదు. ఆ బటన్ నాకు చేతికందేచోట, పైన ఉండాలి. తమరేమో కొన్ని మోడళ్ళలో దాన్ని మెనూలో దాచారు. టచ్‌స్క్రీన్ అందంగానే ఉంటుంది, పాడుతూ దాంట్లోకి తొంగిచూసే గాయకుడే అందంగా ఉండడు. స్టైలు, వాయిసు, వేగం, శ్రుతి అన్నీ కలిపి ఒక్క రిజిస్ట్రేషన్ బటన్‌లో దాచుకోనిస్తారు చూడండి, అక్కడ మాత్రం తమరికి దండం.

ఇక పాటను ముగించే ఎండింగ్ బటన్. పంతులుగారు "గట్టిమేళం" అని చెయ్యెత్తుతారు. నేను ఎండింగ్ నొక్కుతాను. తమరేమో తీరిగ్గా వయొలిన్లతో, చివర్లో తాళాల మోతతో నాలుగు ఆవర్తాల వీడ్కోలు మొదలుపెడతారు. అక్కడ జీలకర్ర బెల్లం పెట్టేసి ఉంటారు. పోనీ స్టాప్ నొక్కితే కరెంటు పోయినట్టు ఠక్కుమంటారు. మధ్యస్తం అనేది తమరి వంశంలో లేదా?

కరెంటంటే గుర్తొచ్చింది, జనరేటర్‌కు మారే ఆ ఒక్క క్షణం కోసం చిన్న యూపీఎస్ కూడా మోయాలి. సౌండ్ కుర్రాడేమో ఉన్న ఒక్క వైరునూ తెచ్చి కుడి జాక్‌లో పొడుస్తాడు, సగం వాద్యాలు గాయబ్. 'ఎల్' జాక్‌లో పెట్టు తమ్ముడూ, మోనో అక్కడొస్తది అని ప్రతి ఊళ్ళో చెప్పాల్సిందే.

కోర్గ్ పీఏ700 తీసుకొమ్మని కొందరు, ఆగి యమహావారి 76 కీల జెనోస్2 కొనమని ఇంకొందరు చౌరస్తాలో చాయ్ తాగుతూ సలహా ఇస్తారు. చాయ్ పైసలు నావే. ఎస్ఎక్స్900 బరువే పదకొండున్నర కిలోలు, స్టాండు, బాక్సు వేరు. నర్సంపేటకు ఆటోలో పోయేవాడికి కీల లెక్క కన్నా కిలోల లెక్కే ముఖ్యం. కాబట్టి మైకు జాక్ ఉండి, మోయగలిగి, బటన్లు పైన ఉన్నవారే మా ఇంటికి వస్తారు. మిగతావారు ఏమీ అనుకోవద్దు.

ఒక్క మనవి. తబలా ఆయన, ప్యాడ్స్ ఆయన, బేస్ గిటారు తమ్ముడు ముగ్గురి పనీ తమరే చేస్తున్నారు. అయినా రేటు దగ్గర "ఒక్కనివే వస్తవు గదన్నా, గన్ని పైసలెందుకు?" అంటారు. తీరా నేను బువ్వకు కూర్చున్నప్పుడు ఏ పిల్లగాడో స్టేజీ ఎక్కి డెమో బటన్ నొక్కుతాడు, తమరు నా అవసరమే లేకుండా మొత్తం కచేరీ వాయించేస్తారు. పెళ్ళికూతురు తండ్రి అప్పటికి సగం పైసలే ఇచ్చి ఉంటాడు. కనీసం ఆ మిగతా సగం నా జేబులో పడేదాకా తమరు నోరు మెదపవద్దని ప్రార్థన.

ఇట్లు,
తమరిని మోయబోయేవాడు,
హన్మకొండ