‘పోటీ చట్టాలు దండగ’ అనే లెక్క ఎక్కడ తప్పుతోంది?

“అమెరికాలో 1890 నుంచి పోటీ చట్టం ఉంది, అయినా బడా కంపెనీలదే రాజ్యం. హాంకాంగ్‌లో 2012 దాకా అన్ని రంగాలకూ వర్తించే పోటీ చట్టమే లేదు, అయినా వ్యాపారం కళకళలాడింది. కాబట్టి ఈ చట్టాలు దండగ.” జనం తెగ పంచుకుంటున్న వాదన ఇది. పోటీ చట్టమంటే కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచకుండా, గుత్తాధిపత్యం చెలాయించకుండా అడ్డుకునే చట్టం.

ముందు అమెరికా సంగతి. చమురు, చక్కెర ట్రస్టులు (పోటీ కంపెనీలను ఒకే చేతి కిందికి తెచ్చిన గుత్త కూటములు) అప్పటికే బలిసిపోయాయి కాబట్టే అక్కడ చట్టం తెచ్చారు. జబ్బు ముదిరాక మందు మొదలుపెట్టి, జబ్బు ఇంకా ఉందంటూ మందును తిడితే ఎలా? 1911లో చమురు దిగ్గజం స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టింది కూడా ఆ చట్టం కిందే.

హాంకాంగ్ దాదాపు సుంకాల్లేని రేవు. అక్కడ ధరలకు కళ్లెం వేసేది దిగుమతులే. మరి ఓడలో దిగని సేవల మాటేమిటి? చివరికి 2012లో వాళ్లూ చట్టం చేసుకున్నారు, 2015 డిసెంబరు నుంచి పూర్తిగా అమలు చేస్తున్నారు. ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

“దేశాలను పోల్చిన అధ్యయనాల్లోనూ ప్రభావం కనిపించలేదు” అంటారు. సాధారణంగా చూపించేది 2007లో ఆర్థికవేత్తలు కీ, హోక్‌మన్ చేసిన అధ్యయనం. కంపెనీల లాభాల మార్జిన్‌పై చట్టం నేరుగా ప్రభావం చూపినట్టు అందులో తేలని మాట నిజమే. కానీ చట్టం ఉన్నచోట పరిశ్రమల్లో దేశీయ కంపెనీల సంఖ్య ఎక్కువగా ఉందని, అంటే కొత్తవాళ్ల ప్రవేశం ద్వారా పరోక్షంగా పనిచేస్తుండొచ్చని కూడా అందులోనే ఉంది. సగమే చదివితే ఇలాగే ఉంటుంది.

దేశాలను పోల్చేటప్పుడు చట్టం ఉంటే 1, లేకుంటే 0 అని వేసే లెక్కలది మరో తంటా. భారత్‌లో చట్టం 2002 నాటిది. కుమ్మక్కులపై సెక్షన్లు అమలైంది 2009లో, విలీనాలపై 2011లో. మధ్యలోని ఏళ్లకు 1 వేస్తే పనిచేయని చట్టాన్ని కొలిచినట్టే. “చట్టం ఉన్న దేశాల్లో పోటీ ఎక్కువ” అని గంతులేసే అవతలి పక్షానికీ ఇది వర్తిస్తుంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు, కంపెనీల సంఖ్యనే పోటీ అనుకోవడం. బ్రిటన్‌లో 1956 పోటీ చట్టం తర్వాత కంపెనీల మధ్య ఉన్న ధరల ఒప్పందాలు కూలిపోయాయి. ధరల పోటీ ముదిరేసరికి బలహీన కంపెనీలు తట్టుకోలేక మూతపడ్డాయి, లేదా విలీనమయ్యాయి. ఆ పరిశ్రమల్లో పెద్ద కంపెనీల వాటా పెరిగింది. వాటానే చూసేవాడికి చట్టం ఓడినట్టు కనిపిస్తుంది. ఒకే దేశంలో, కుమ్మక్కు ఉన్న పరిశ్రమలనూ లేనివాటినీ చట్టానికి ముందూ తర్వాతా పోల్చబట్టే ఆర్థికవేత్త సిమియోనిడిస్‌కు అసలు సంగతి దొరికింది.