సవరణ: పూర్తిగా దిగిపోయిన ఈ-బైక్ బ్యాటరీకి జంప్ ఇవ్వొద్దు

"చార్జర్ పట్టకపోతే వేరే ప్యాక్‌తో ఐదు నిమిషాలు జంప్ ఇవ్వండి, 48 వోల్టుల ప్యాక్ 30కి దిగినా పర్లేదు" అని ముందు పోస్టులో ఉంది. రెండూ తప్పే. జంప్ అంటే చార్జ్ ఉన్న వేరే ప్యాక్‌ని నేరుగా తగిలించడం. దయచేసి అలా చేయకండి.

48 వోల్టుల లిథియం అయాన్ ప్యాక్‌లో మామూలుగా 13 సెల్స్ వరసలో ఉంటాయి. ఫుల్ అంటే 54.6 వోల్టులు, ఖాళీ అంటే 39 దరిదాపు. 30 అంటే సెల్‌కి సగటున 2.3 మాత్రమే. అందులో బలహీనమైన సెల్ ఇంకా కిందే ఉంటుంది. బాగా దిగిన సెల్ లోపల రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ పెడితే ఆ రాగే లోపల పేరుకుని షార్ట్ చేస్తుంది. మంట అప్పుడే రావాలని లేదు, వారం తర్వాతా రావచ్చు. జంప్ ఇస్తే కరెంటుకి అదుపే ఉండదు.

బయటి పిన్నుల దగ్గర మీటరు సున్నా చూపిస్తే బీఎంఎస్ (ప్యాక్ లోపలి రక్షణ సర్క్యూట్) కట్ చేసిందేమో. బ్యాలెన్స్ కనెక్టర్ (ఒక్కో సెల్ నుంచి వచ్చే సన్న వైర్ల ప్లగ్) దగ్గర ఒక్కో సెల్‌నీ కొలవాలి, అదీ పని తెలిసినవాళ్లే. అన్నీ 2.5 పైన ఉంటే, 10 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ప్యాక్‌కి అర ఆంపియర్ మించకుండా, ఒక్కో సెల్ 3 వోల్టులు దాటేదాకా దగ్గరుండి చార్జ్ ఎక్కించాలి. సెల్ వేడెక్కినా, చార్జర్ తీశాక రాత్రికి ఒక్క సెల్ వోల్టేజీ మాత్రం పడిపోయినా ఆ ప్యాక్ వదిలేయండి. ఏ ఒక్క సెల్ 2.5 కన్నా తగ్గినా ప్రయత్నమే వద్దు.

ఊరెళ్లేటప్పుడు సగం చార్జ్‌లో, అంటే 47-48 వోల్టుల దగ్గర, ప్యాక్‌ని బండి నుంచి ఊడదీయండి. ఒంగోలు మే ఎండలో రేకుల షెడ్డు మాత్రం వద్దు.