ఆత్మజ్ఞానం: శని, ఆదివారాల్లో మాత్రమే

బెంగళూరులో మనసు బాగుచేసేవాళ్లు చాలడం లేదని అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోను. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిచినా, అద్దెకిచ్చే ఫ్లాటుకీ అమ్మకానికి పెట్టిన పాత సోఫాకీ మధ్యలో ఒక ప్రకటన కనబడుతుంది. రెండు రోజుల్లో థెరపిస్టు అవ్వండి, సర్టిఫికెట్ ఇస్తాం, భోజనం మాదే. ఇంత ఉదారమైన ఊళ్లో కొరత ఎక్కడిది?

ఈ వీకెండ్ కోర్సులను చూసి ముక్కు విరిచేవాళ్లు కొందరున్నారు. మేమూ ఒక బ్యాచ్ పెడుతున్నాం గనక, వాళ్లకు జవాబు చెప్పడం మా తెలుగు సంఘం బాధ్యతగా భావిస్తున్నాం.

వాళ్ల గొడవంతా రిలేషనల్ సైకోథెరపీ, అంటే సంబంధం ద్వారా చేసే మానసిక వైద్యం గురించి; అది రెండు రోజుల్లో వచ్చే విద్య కాదంటారు. 1980లలో అమెరికాలో స్టీఫెన్ మిచెల్ లాంటివాళ్లు దీనికి ఒక రూపం ఇచ్చారు. పాతరోజుల్లో లెక్క తేలిగ్గా ఉండేది: జబ్బు ఒకరిది, తెలివి ఇంకొకరిది. వీళ్లొచ్చి, గదిలో ఉన్నది ఇద్దరు మనుషులు, థెరపిస్టు కోపాలూ భయాలూ పాత దెబ్బలూ కూడా ఆ గదిలోనే ఉంటాయి, అసలు వైద్యం జరిగేదే ఆ ఇద్దరి మధ్య సంబంధంలో అన్నారు. అందుకని నేర్చుకునేవాడు ముందు తన సంగతి తను తెలుసుకోవాలట. ఏళ్ల తరబడి తనే ఇంకొకరి దగ్గర క్లయింటుగా కూర్చోవాలట. చూసిన కేసుల్లో తనేం చేశాడో, ఎందుకు చేశాడో సూపర్‌వైజర్, అంటే అనుభవమున్న సీనియర్ థెరపిస్టు ముందు విప్పి చెప్పాలట. డబ్బు కట్టి మరీ.

ఈ పిచ్చి కొత్తదేం కాదు. ఏ వైద్యుడూ తన సొంత చిక్కుముళ్లు దాటి రోగిని ముందుకు తీసుకెళ్లలేడని, రోగిని సోఫా మీద పడుకోబెట్టి మనసులోది మాట్లాడించే మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1910లోనే అన్నాడు. 1920లో బెర్లిన్‌లో పెట్టిన శిక్షణ సంస్థలో, చదువుకునేవాళ్లు కూడా ముందు తామే సోఫా ఎక్కాల్సి వచ్చేది. ఇంతాచేసి ఫ్రాయిడ్‌ను విశ్లేషించింది ఎవరు? ఆయనే. గురువు లేడు, ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. మన కోర్సులవాళ్లు ఆ మహానుభావుడి బాటలోనే నడుస్తూ, సర్టిఫికెట్ ఒక్కటి అదనంగా ఇస్తున్నారు. తప్పేముంది?

ఆ తర్వాత వచ్చినవాళ్లు ఇంకా ముదిరారు. బుడాపెస్ట్‌లో ఫెరెంజీ అనే శిష్యుడు కాసేపు తను రోగిని, కాసేపు రోగి తనను విశ్లేషించుకునే ప్రయోగం చేసి, 1932లో డైరీ రాసి, చివరికి ఇది నడిచేది కాదని వదిలేశాడు. ఫీజు ఎవరు ఎవరికి ఇచ్చారన్నదే నా అనుమానం. లండన్‌లో విన్నికాట్ అనే పిల్లల డాక్టరైతే, తల్లికి కన్నబిడ్డ మీద ద్వేషం ఎందుకు పుడుతుందో కారణాలు వరసగా రాసి 1949లో అచ్చు వేయించాడు. థెరపిస్టుకి కూడా క్లయింటు మీద ద్వేషం కలుగుతుంది, దాన్ని తనలో తాను గుర్తుపట్టాలి అన్నది ఆయన మాట. ఈ పాఠం మా బ్యాచ్‌లో పెట్టం. పెడితే లంచ్ తర్వాత హాలు ఖాళీ. మన అమ్మలకు ద్వేషం ఉండదండీ, బీపీ ఉంటుంది.

కోర్సు ఎలా నడుస్తుందో చెబుతాను. శనివారం పొద్దున బాల్యపు గాయాలు. టీ తర్వాత క్షమాపణ. మధ్యాహ్నం అరిటాకులో ఆంధ్రా భోజనం, పప్పు, గోంగూర, గట్టి పెరుగు. ఆ తర్వాత రోల్‌ప్లే. ఇక్కడ చిన్న ఇబ్బంది వస్తుంది: అందరూ థెరపిస్టు వేషమే కావాలంటారు. చివరికి చిట్టీలు వేసి ఒకావిడను క్లయింటును చేస్తారు. "ఎలా అనిపిస్తోంది మీకు?" అని అడిగితే, "మా ఆయనకైతే బాగా కోపం వచ్చిందండీ" అంటుంది. "మీకు?" "మా పెద్దబ్బాయి కూడా ఫీలయ్యాడు." ఇంటిల్లిపాదీ ఏమనుకున్నారో వచ్చేస్తుంది, ఆవిడ తప్ప. ఈలోపు ఎదుటి కుర్చీలోని కాబోయే థెరపిస్టుకు ఓపిక నశిస్తుంది. "నా మాట వినండి, మీ అత్తగారితో వేరు కాపురం మాట్లాడేయండి" అని రెండో నిమిషంలోనే వైద్యం పూర్తిచేస్తాడు. చప్పట్లు.

ఆదివారం గ్రూప్ ప్రాసెస్. దీనికీ ఒక చరిత్ర ఉంది. 1940ల చివర్లో లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో బియాన్ అనే ఆయన గ్రూపులు నడిపేవాడు. జనం వచ్చి కూర్చుని ఆయన ఏదో చెబుతాడని చూసేవాళ్లు. ఆయన పాఠం చెప్పేవాడు కాదు. ఆ ఖాళీలో ఎవరికి ఏం పుడుతుందో, ఎవరు ఎవరిని నాయకుడిని చేసుకుంటారో చూడటమే పాఠం. దీన్ని తెలుగువాళ్ల మీద ప్రయోగించి చూడండి. నిండా నిమిషం కూడా గడవదు.

"మీదే ఊరండీ?"

"మదనపల్లె."

"మదనపల్లెలో ఎక్కడ?"

ఇంకాసేపటికి ఆయన మేనమామ, ఈవిడ పిన్ని ఒకే వీధిలో తేలతారు. వరస కూడా కలుస్తుంది. ఫెసిలిటేటర్ గొంతు సవరించుకుని, "మీరు మౌనాన్ని భరించలేకపోతున్నారని గమనిస్తున్నాను" అంటాడు. "భరించడం దేనికి సార్, ఇక్కడ పెళ్లి సంబంధం కుదిరేలా ఉంటే?"

ఇక స్వీయ అవగాహన డైరీ. తన లోపల జరిగేది తనే రాసుకోవాలి. రాసే ఓపిక ఎవరికుంది? చాట్‌జీపీటీకి ఉంది. బ్యాచ్ మొత్తం డైరీల్లో "నా ఛాతీలో ఏదో బిగుసుకున్నట్టు గమనించాను" అనే వాక్యమే. అందరికీ అదే చోట, అదే మోతాదులో బిగుసుకుంది. థెరపీ సర్టిఫికెట్‌తో పాటు ఈసీజీ కూడా తీయించి పంపాల్సిన బ్యాచ్.

ఫలితాలు మాత్రం సోమవారం నుంచే ఇంట్లో కనబడతాయి. పూర్వం భర్త, "తప్పు నీదే, సారీ చెప్పు" అనేవాడు. శిక్షణ పొందిన భర్త, "ఇప్పుడు నా అహం దెబ్బతిన్నదని నాకు తెలుసు. ఆ అవగాహన నాకుంది. నీకు లేదు. సారీ చెప్పు" అంటాడు. "ఈ మాట అంటున్నది నువ్వు కాదు, నీలో ఉన్న మీ నాన్నగారు" అని కూడా అంటాడు. ఆవిడ, "మా నాన్న ఊసెత్తారంటే ఊరుకోను" అంటుంది. ఇది ప్రతిఘటన, అంటే నిజం ఒప్పుకోలేక మనసు అడ్డుపడటం అని ఆయన నోట్స్‌లో రాసుకుంటాడు.

రిలేషనల్ పద్ధతిలో 'రప్చర్, రిపేర్' (తెగడం, అతకడం) అని ఒక ముఖ్యమైన సంగతి ఉంది. సెషన్‌లో థెరపిస్టు మాట తప్పుగా తగిలి ఇద్దరి మధ్య తేడా వస్తే, దాన్ని దాటవేయకుండా, తన వంతు తను ఒప్పుకుని, ఆ గదిలోనే మాట్లాడుకుని కలుపుకోవాలి. జెరెమీ సాఫ్రన్ అనే ఆయన జీవితంలో చాలా భాగం దీని మీదే పనిచేశాడు. పాపం, మనల్ని అడిగి ఉంటే సరిపోయేది. పదేళ్లు మాటలు మానేసి, ఎవరి పెళ్లిలోనో పక్కపక్క విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు, ఎటో చూస్తూ "పప్పు వేయించుకోండి" అంటే చాలు. ఏం జరిగిందో, తప్పెవరిదో ఒక్క ముక్క మాట్లాడకుండా రిపేరు పూర్తి.

చట్టం ఒప్పుకుంటుందా అని అడుగుతారు. హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక వైద్య సంస్థ ఉంది. అక్కడ క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్. రెండేళ్లు చేయించేవాళ్లు. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం రిజిస్టర్లో పేరుంటేనే క్లినికల్ సైకాలజిస్టు. థెరపిస్టు, కోచ్, హీలర్ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం ఇన్నాళ్లూ కావలసింది ఒక బోర్డు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కౌన్సెలర్లను కూడా తన జాబితాలోకి చేర్చుకుంది. అందుకే తొందరపడమంటున్నాను. ఆలస్యం చేస్తే నేర్చుకోవాల్సి వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నాకు నవ్వు రాదు. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, రకరకాల మానసిక సమస్యలున్నవాళ్లలో 70 నుంచి 92 శాతం దాకా వైద్యం అందడం లేదని తేలింది. ఇటు చూస్తే, ఏళ్లపాటు సొంత థెరపీకీ సూపర్‌విజన్‌కీ డబ్బు పోయగలిగినవాళ్లే నిఖార్సయిన రిలేషనల్ థెరపిస్టులవుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది మంచి ఇంగ్లిష్ మాట్లాడతారు. బెల్లందూరు పీజీలో ఉండే మన కడప కుర్రాడికి ఏడుపు తెలుగులో వస్తుంది, సెషన్ ఇంగ్లిష్‌లో నడుస్తుంది. వాళ్ల నాన్న ఏమన్నాడో అనువదించి చెప్పేసరికి కళ్లు ఆరిపోతాయి, గంట అయిపోతుంది. రెండు రోజుల కోర్సులు పుట్టగొడుగుల్లా లేస్తున్నది ఈ తడి నేలలోనే. అసలు శిక్షణను అందుబాటులోకి తేవడం ప్రభుత్వాల పని, సంస్థల పని. వాళ్లు కమిటీ వేసేలోగా మేం భోజనాలకు ఆర్డరిచ్చేస్తాం.

సరే. మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో తెలుగు బ్యాచ్ మొదలవుతోంది. ఫారంలో "ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారు?" అని ఒక గడి పెట్టాం. ఒకాయన, పైఫ్లోర్‌వాళ్లకు స్వీయ అవగాహన బొత్తిగా లేదని రాశారు. పైఫ్లోర్‌వాళ్ల ఫారం కూడా వచ్చింది. వాళ్లు మెయింటెనెన్స్ కమిటీ ప్రెసిడెంటు పేరు రాశారు. బి బ్లాకు పెద్దావిడ ఒకరు నేరుగా డెస్కు దగ్గరికే వచ్చి, తన బదులు అల్లుణ్ణి చేర్చుకుంటారా అని అడిగారు. అతనికి తన గురించి తెలియాల్సినవి చాలా ఉన్నాయట. మాకు శ్రమ లేకుండా ఆవిడే రాసుకొచ్చారు. ఫుల్‌స్కేప్ కాగితం, రెండువైపులా.