సభ్యత్వ రిజిస్టరుగారి దివ్యసముఖమునకు

ఒంగోలుకు దగ్గరలోని మా ఊరి బాప్టిస్టు సంఘంలో, సెక్రటరీగారి గదిలోని బీరువా రెండో అరలో కొలువై ఉన్న సభ్యత్వ రిజిస్టరుగారికి సహాయ కార్యదర్శి భయభక్తులతో వ్రాసుకొను విన్నపము.

తమరు క్షేమమని తలుస్తాను. తలవడమేమిటి, నిన్ననే కళ్ళారా చూశాను. ఎర్ర గుడ్డ వేసిన తమ వీపు చెక్కుచెదరలేదు, అట్టకు చెద పట్టలేదు. క్రిస్మస్‌కు గోడలకు సున్నం వేయించినప్పుడల్లా తమ చుట్టూ కొత్త కలరా ఉండలు పెడుతున్నారు. మొన్నటి వానలకు బీరువాలోకి చెమ్మ చేరిందేమోనని సంఘం పనులు చూసే డీకన్లు ఇద్దరు ప్రత్యేకంగా వచ్చి, తమను కాసేపు ఎండలో కూర్చోబెట్టి, దుమ్ము దులిపి, జాగ్రత్తగా లోపలికి తీసుకువెళ్ళారు. ఏడాదికి ఇన్నిసార్లు పరామర్శకు నోచుకున్నవారు మా సంఘంలో తమరు తప్ప మరొకరు లేరు కనుక, సంఘక్షేమం గురించి ఎవరికైనా చెప్పుకోవలసి వస్తే తమకే చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వచ్చే నెల రెండో ఆదివారం మా సర్వసభ్య సమావేశం. ఆ రోజు చదవవలసిన వార్షిక నివేదికలో “దేవుని కృపవలన మన సంఘం 418 మంది సభ్యులతో దినదినాభివృద్ధి చెందుచున్నది” అనే వాక్యం ఇప్పటికే టైపు చేయించారు. ఆ అంకె తమరు ప్రసాదించినదే. ఆదివారం ఉదయం బల్లల మీద కూర్చున్నవారిని, చాపల మీద కూర్చున్న సండే స్కూలు పిల్లలను, బయట వేపచెట్టు కింద బైకుల మీద కూర్చుని ఆరాధనలో పాల్గొంటున్నామని చెప్పుకునే యువకులను కలిపి లెక్కపెట్టినా నూటముప్పై దాటదు. మిగిలినవారు ఎక్కడున్నారని అడగడం తమ స్వభావంలో లేదు. ఒకసారి తమలో చేరిన పేరు ఇక ఆకలిగొనదు, జబ్బుపడదు, ఊరు విడిచి వెళ్ళదు, చావదు. ఇంతటి నిత్యజీవం జీవగ్రంథంలో తప్ప మరెక్కడా లేదనుకునేవాణ్ణి. కిందటి కమిటీ ఎన్నికల్లో ఓటు వేసినట్టు తమ పుటల్లో సంతకాలున్నవారిలో ఆరుగురిని అంతకు ముందే మేము సమాధుల తోటలో పాతిపెట్టి వచ్చామని తెలిసినప్పుడు, పునరుత్థానం మీద నా విశ్వాసం మరింత బలపడింది.

లెక్కపెట్టడం తప్పని నేను అనను. బైబిలులో సంఖ్యాకాండమనే ఒక గ్రంథమే ఉంది. అయితే సమూయేలు రెండవ గ్రంథం ఇరవైనాలుగో అధ్యాయంలో దావీదు రాజు జనసంఖ్య తెమ్మని పంపితే, ఆయన సేనాధిపతి యోవాబు వద్దు వద్దంటూనే వెళ్ళి, తొమ్మిది నెలల ఇరవై రోజులు దేశమంతా తిరిగి లెక్క తెచ్చాడు. ఆ లెక్క అందిన తరువాత వచ్చిన తెగులులో డెబ్బై వేలమంది పోయారు. మా సెక్రటరీగారికి ఆ అధ్యాయం గుర్తుచేస్తే, “అది పాత నిబంధన కదయ్యా” అన్నారు.

కొత్త కాలపు లెక్కే కావాలంటే మన గుండ్లకమ్మ ఒడ్డుదే చెప్పుకుందాం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర 2222 మందికి ఒక్క రోజులో బాప్తిస్మం ఇచ్చారని మా ప్రాంతంలో ప్రతి ఉజ్జీవ సభలోను ఎవరో ఒకరు చెబుతారు. ఆ అంకెను పలికేటప్పుడు ప్రసంగీకుని గొంతు ఎంత పైకి లేస్తుందంటే, సౌండు బాక్సులు కూడా కీచుమంటాయి. దానికి ముందు జరిగినదాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. 1876లో ధాత కరువు పట్టినప్పుడు ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వించే పనిని కాంట్రాక్టు తీసుకుని, తిండి లేనివారికి కూలి ఇప్పించారు. బోధకులనే ఆ పని మీద మేస్త్రీలుగా పెట్టారు. పగలు మట్టి తట్టల లెక్క చూసిన మనిషే సాయంత్రం ఆ కూలీల మధ్య కూర్చుని, ఎవరిది ఏ ఊరో, ఎవరి బిడ్డ పోయిందో, ఎవరి ఇంట పొయ్యి వెలగలేదో విని, ఆ తరువాత వాక్యం చెప్పాడు. కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశారు. కూలి డబ్బులూ కరువు సాయమూ అయిపోయిన తరువాత కూడా వచ్చి నిలబడినవారికే గుండ్లకమ్మలో ఇచ్చారు. ఆ రోజు ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్ళలోకి దిగారు. ముందు రోజు 614, మరుసటి రోజు 700 కలిపితే మూడు రోజుల్లో 3536. అంటే, అయ్యా, అక్కడ మనిషి ముందు, అంకె తరువాత. తమ పరిపాలనలో అంకె ముందు నడుస్తుంది, మనిషి కనబడితే కనబడతాడు.

తమ గడుల విషయానికి వస్తాను. వరుస సంఖ్య, పేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, ఇచ్చినవారు, నెలసరి చందా, బకాయి, రిమార్కులు. చనిపోయినవారికి “ప్రభువునందు నిద్రించెను” అని రాయడానికి తావుంది. బతికుండి బెంగళూరు వెళ్ళినవారికి లేదు. కనిగిరి వైపు నుంచి మా ఊరికి అల్లుడై వచ్చిన తాపీమేస్త్రీ ఒకాయన భార్యతో సహా నాలుగేళ్ళుగా బెంగళూరులో కట్టడం పనుల మీద ఉన్నాడు. మూడు నెలలు వరుసగా రాకపోతే ఏమి రాయాలో నియమావళిలో ఉన్నది కనుక, వారి పేర్ల ఎదుట “వెనుకజారినవారు” అని రాశాము. అతని అత్తగారు ప్రతి ఆదివారం సౌండు బాక్సు పక్కన కూర్చుని, ఫోను కలిపి, కొంగు చాటున పెట్టుకుంటుంది. అవతల వెనుకజారినవారిద్దరూ రేకుల షెడ్డులో ఆ ఫోను మధ్యలో పెట్టుకుని పాటలు పాడతారు. ఆ ఫోను బిల్లును తమరు ఏ గడిలోను చూడరు.

ఇక పెన్సిలు సంగతి. షెడ్యూల్డు కులాల హోదా గురించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. ఆ కులాల నుంచి క్రైస్తవులైనవారికి మాత్రం ఇప్పటికీ లేదు, మన రాష్ట్రంలో వారు బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో ‘సీ’ గుంపు. అందుచేత కాలేజీలో బిడ్డను చేర్చిన తండ్రి రాత్రి పూట మా ఇంటికి వచ్చి, “పాపకు బాప్తిస్మం ఇప్పించాము గాని, పేరు మాత్రం సిరాతో రాయొద్దు, పెన్సిలుతో రాయండి” అని బతిమాలతాడు. తమలో పేరుంటే స్కాలర్‌షిప్పు పోతుందని భయం, పేరు లేకపోతే రేపు సమాధుల తోటలో చోటు దక్కదని భయం. ఆరడుగుల నేల ఇవ్వడానికి బకాయి గడి చూసే కమిటీ ఉన్నప్పుడు రెండో భయాన్ని తప్పుపట్టలేము. ఈ పెన్సిలు పేర్ల గురించి ఇంతకంటే రాయను, తమరు ఎవరి చేతికైనా చిక్కవచ్చు.

ఇంత రాసిన నేను పరిశుద్ధుణ్ణి కాను. సమావేశానికి ముందు బకాయిలు వసూలు చేయమని కమిటీ నన్ను పంపింది. జాబితాలో ఒక ముసలమ్మ పేరు ఉంది. పద్నాలుగు నెలల గైర్హాజరు, నెలకు ఇరవై చొప్పున 280 రూపాయల బకాయి, రిమార్కులలో “తొలగింపునకు సిఫారసు”. ఆ ఎర్ర సిరా నాదే. రసీదు పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళి, వాకిట్లో నిలబడి రెండుసార్లు పిలిచాను. పలకలేదు. తలుపు నెడితే తెరుచుకుంది. నులకమంచం మీద కూర్చుని ఉంది, రెండు మోకాళ్ళకూ గుడ్డలు చుట్టి, వావిలాకు కాపు వాసన గదంతా నిండి ఉంది. నన్ను గుర్తుపట్టగానే ఆమె అడిగిన మొదటి మాట ఇది.

“ఏం అబ్బయా, అయ్యగారికి ఒంట్లో ఎట్లుంది? ఏడాది దాటిపాయ, ఇటు మొగాన రాలా. జబ్బు చేసి మంచాన పడ్డారేమో పాపం అని రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీద, మోకాళ్ళు వంగవులే, ఈ మంచం మీదనే, ఆయన కోసరం ప్రార్థన చేస్తా ఉండా.”

అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆరోగ్యంగా ఉన్నారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉజ్జీవ మహాసభలకు హైదరాబాదు నుంచి ప్రసంగీకుణ్ణి పిలిపించడం, బైపాసు దగ్గర ఫ్లెక్సీ కట్టించడం, కొత్త సౌండు బాక్సులకు చందాలు పోగుచేయడం అనే మూడు పనులతో “సంఘాభివృద్ధి కమిటీ” ఏడాదంతా ఎంత తీరిక లేకుండా ఉందో ఆమెకు ఎలా వివరించను? “బాగానే ఉన్నారు, పని ఎక్కువైంది” అన్నాను. “దేవుడికి స్తోత్రం” అని ఆమె నిజంగానే సంతోషించింది. ఆ తరువాత మంచం కిందికి చెయ్యి చూపించి, డబ్బా బయటికి లాగమంది. పాత నూనె డబ్బా. మూత తీస్తే పైన ఎండిన వేపాకులు, కింద బియ్యం. పిడికెడు బియ్యం కానుక అంటే తమకు తెలియకపోవచ్చు, దానికి తమలో గడి లేదు. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్కన వేసి, ఆదివారం గుడికి తేవడం మా ఆడవాళ్ళకు అమ్మమ్మల నాటి అలవాటు. ఆమె ఒంటరిగా ఒక పూట వండుకుని రెండు పూటలు తింటుంది. అందులోనుంచి పద్నాలుగు నెలలు తీసి, పురుగు పట్టకుండా వేపాకు మార్చుతూ, ఎవరైనా వచ్చి తీసుకువెళ్తారని దాచింది.

మిషను కాలంలో బైబిలు స్త్రీలని ఉండేవారట, ఇల్లిల్లూ తిరగడమే వారి ఉద్యోగం. ఇప్పుడు ఆ పనికి ఎవరినైనా పెట్టాలని నేను కమిటీలో అంటే, “దానివల్ల సభ్యత్వం పెరుగుతుందా?” అని అడిగారు. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం చదివి వినిపించాను. యెరూషలేములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతున్నదని సణుగుడు పుడితే, అపొస్తలులు దాన్ని అణచివేయక, మంచి పేరున్న ఏడుగురిని ఆ పనికే ఏర్పాటు చేయించారు. శిష్యుల సంఖ్య బహుగా విస్తరించిందనే ఏడో వచనం ఆ ఏర్పాటు తరువాతే వస్తుంది. కమిటీవారు శ్రద్ధగా విని, ఆ ఏడుగురి ఎన్నికకు ఓటర్ల జాబితా ఏదని అడిగారు. అందరూ తమ వైపే చూశారు.

ఆ రాత్రి తమను తెరిచి, ఆమె పేరు ఎదుట నేను రాసిన ఎర్ర అక్షరాలను కొట్టివేశాను. రిమార్కుల గడి ఇరుకైనందున పక్క పుట అంచు మీదికి పాకిస్తూ ఇలా రాశాను: “మంచినీళ్ళ ట్యాంకు వెనుక సందు, నీలం తలుపు. పిలిస్తే వినబడదు, నెట్టుకుని లోపలికి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులు. ఆదివారం ఆటో పంపించాలి. అయ్యగారు ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇంటికి తీసుకువెళ్ళాలి.” నియమావళి ప్రకారం ఇది తమ పుటలను పాడుచేయడమే అవుతుందని ఎరుగుదును, క్షమించగలరు.

మరొక్క చిన్న సందేహం తీర్చి పుణ్యం కట్టుకోండి. బియ్యాన్ని కోశాధికారిగారి సమక్షంలో తూకం వేయించాము. పదకొండున్నర కిలోలు తూగింది. ఆమె బాకీ మాత్రం తమ లెక్కలో ఇంకా 280 రూపాయలుగానే ఉంది. దీన్ని ఏ గడిలో జమ చేయమంటారో సమావేశంలోగా తెలియజేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ సహాయ కార్యదర్శి
(వరుస సంఖ్య 207, బకాయి లేదు)